డీజిల్ ఇంజిన్ టైమింగ్ బెల్టును సొంతంగా మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా డీజిల్ కారుకు టైమింగ్ బెల్టు మార్చవలసిన గడువు దగ్గరపడింది. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను గాని ఈ పని జోలికి ఇంతవరకు వెళ్లలేదు. పాత బెల్టు మీద, పళ్ల చక్రాల మీద పెయింటుతో గుర్తులు పెట్టుకుని, ఆ లెక్క ప్రకారమే కొత్త బెల్టు ఎక్కిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. ధైర్యం చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, కానీ మీ మిత్రుడు చెప్పిన పద్ధతిలో వద్దు. బెల్టు తీయడం, ఎక్కించడం ఈ పనిలో తేలికైన భాగం. ఈ బెల్టు కలిపి తిప్పే రెండింటికి, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్టుకు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకు మధ్య ఉన్న వరస చెదరకుండా చూడడమే కష్టమైన భాగం. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. అదీ పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు దాని దారిలోంచి తప్పుకునేలా తిరగాలి. నేటి డీజిల్ ఇంజిన్లు చాలావరకు గాలిని సుమారు 15 నుంచి 18 రెట్లు కుదించి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తాయి కనుక, పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు దానికీ సిలిండర్ హెడ్డుకూ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. వరస తప్పిందంటే పిస్టన్ వెళ్లి వాల్వుకు తగులుతుంది. వాల్వులు వంగుతాయి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి, హెడ్డు దింపక తప్పదు. పెట్రోలు ఇంజిన్లలో కొన్ని ఈ దెబ్బను తప్పించుకుంటాయి గాని డీజిల్ ఇంజిన్ విషయంలో ఆ ఆశ పెట్టుకోకూడదు.

క్రాంక్ పళ్ల చక్రానికి 20 పళ్లు ఉన్నాయనుకుంటే, ఒక్క పన్ను తేడా అంటే 18 డిగ్రీల తేడా. పాత బెల్టు తీయగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ షాఫ్టు తనంతట తానే కొంత తిరిగిపోవచ్చు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ పళ్ల చక్రానికి కీ (చక్రం షాఫ్టు మీద జరగకుండా ఆపే చిన్న లోహపు ముక్క) ఉండదు, బోల్టు బిగింపే దాన్ని పట్టి ఉంచుతుంది. మరి కొన్నింట్లో క్యామ్ చక్రం బోల్టు రంధ్రాలు కోలగా ఉండి, చక్రం షాఫ్టు మీద కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంది. ఇలాంటి చోట పెయింటు గుర్తు అదనపు ఆధారంగా మాత్రమే పనికొస్తుంది. నమ్మవలసింది క్రాంక్‌ను, క్యామ్‌ను సరైన స్థానంలో నిలిపే లాకింగ్ పిన్నులనే. అందువల్ల ముందుగా మీ ఇంజిన్ కోడ్ చూసుకుని, ఆ కోడ్‌కు చెందిన సర్వీస్ మాన్యువల్‌ను, పిన్నుల సెట్టును సంపాదించండి. ఒకే మోడల్ కారులో వేర్వేరు ఇంజిన్లు వచ్చి ఉండవచ్చు. బెల్టు బదులు చెయిన్ ఉండవచ్చు. బెల్టు ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే రకం కూడా ఉంది. ఈ చివరి రకం మొదటిసారి చేసేవారికి తగదని నా అభిప్రాయం. టార్క్ రెంచి (బోల్టును నిర్ణీత బలంతో బిగించే పానా), బోల్టును డిగ్రీల లెక్కన బిగించే కొలమానం చేతిలో లేకుండా పని మొదలుపెట్టవద్దు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేసి, బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపండి. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్ విప్పవలసి వస్తే, ఆయిల్ ఛాంబర్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఇంజిన్ బరువును ఆపాలి. చాలామందిని ముప్పుతిప్పలు పెట్టేది క్రాంక్ పుల్లీ బోల్టు. లాకింగ్ పిన్నునే ఆధారం చేసుకుని దాన్ని విప్పడానికి ప్రయత్నించకండి. పిన్ను ఉన్నది స్థానం చూపడానికే గాని అంత బలాన్ని తట్టుకోవడానికి కాదు, వంగిన పిన్ను ఆ తర్వాత తప్పు స్థానాన్ని చూపిస్తుంది. బోల్టుకు పానా తగిలించి సెల్ఫ్ కొట్టే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది, దాని జోలికి అసలే వెళ్లకండి. ఇలాంటి బోల్టులు చాలావరకు ఒకసారి సాగేవరకు బిగించేవి కనుక, మాన్యువల్ మార్చమంటే కొత్త బోల్టే వేయాలి.

కొత్త బెల్టును మడవకండి, మెలిపెట్టకండి, స్క్రూడ్రైవర్‌తో నెట్టి ఎక్కించకండి. లోపలి గాజు నార తెగినా పైకి కనిపించదు. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజిన్ తిరిగే దిక్కుకే ఉండాలి. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే, క్రాంక్ చక్రం దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే రోలర్) లేని వైపు వదులు లేకుండా లాగి పట్టుకుంటూ ఒక్కొక్క చక్రం మీదుగా తెచ్చి, మిగిలిన వదులంతా టెన్షనర్ వైపు చేరేలా ఎక్కించాలి. ఆ తర్వాత టెన్షనర్ ముల్లును దాని గాటుకు ఎదురుగా తెచ్చి బిగించండి. బోల్టు బిగించేటప్పుడు ముల్లు కాస్త జరుగుతుంది, కనుక బిగించాక మళ్లీ చూడాలి.

ఇప్పుడు పిన్నులన్నీ తీసివేసి, క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్యామ్ చక్రాన్ని పట్టుకుని ఎప్పుడూ తిప్పకూడదు. గాలి కుదింపు వల్ల వచ్చే బరువు చేతిని మెత్తగా వెనక్కి నెడుతుంది, కొద్దిసేపు ఆగితే గాలి జారిపోయి వదులవుతుంది. అలా కాక గునపం బండకు తగిలినట్టు ఠక్కున ఆగిపోతే అక్కడ పిస్టన్ వాల్వుకు ఆనుకుందని అనుమానించి, బలం చేయకుండా మొదటి నుంచి సరిచూసుకోవాలి. రెండు చుట్ల తర్వాత పిన్నులన్నీ సులువుగా దూరితేనే కవర్లు వేయండి. కొత్త బెల్టు మీద ముద్రించిన గీతలు మాత్రం అప్పటికి చక్రాల గుర్తులకు ఎదురుగా ఉండవు; బెల్టు పళ్ల సంఖ్య వేరు, చక్రాల పళ్ల సంఖ్య వేరు కనుక అది సహజమే. ఆ గీతలు చూసి కంగారుపడి, సరిగ్గా ఉన్న బెల్టును విప్పుకున్నవారూ ఉన్నారు.

ప్రశ్న: ఇదే బెల్టు డీజిల్ పంపును కూడా తిప్పుతోంది. పంపును కూడా లాక్ చేయాలా?

జవాబు: అది పంపు రకాన్ని బట్టి ఉంటుంది. పాత రోటరీ పంపు అయితే, ఏ సిలిండరుకు ఎప్పుడు డీజిల్ చిమ్మాలో పంపే నిర్ణయిస్తుంది కనుక దానికీ పిన్ను తప్పనిసరి. అక్కడ తేడా వస్తే స్టార్టు కావడం కష్టమవుతుంది, పొగ వస్తుంది, బండి లాగదు. కామన్ రైల్ ఇంజిన్లో (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం) పంపు పని ఒత్తిడిని తయారుచేయడమే, ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్ చూసుకుంటుంది. అయినా కొందరు తయారీదారులు కామన్ రైల్ పంపుకు కూడా నిర్ణీత స్థానం చెబుతారు, కనుక మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి.

ప్రశ్న: కవరు తీసి చూస్తే నా బండి బెల్టు కొత్తదానిలా ఉంది. గడువు సంవత్సరాలు దాటినా కిలోమీటర్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. వాయిదా వేయవచ్చా?

జవాబు: వేయవద్దు. కిలోమీటర్లు, సంవత్సరాలు అని రెండు గడువులు ఇచ్చినప్పుడు ఏది ముందు వస్తే అదే లెక్క. రబ్బరు ఇంజిన్ వేడికి, కాలానికి గట్టిపడుతుంది. లోపలి నార అలిసిపోవడం బయటికి తెలియదు. పగుళ్లు కనిపిస్తే మార్చాలన్నది నిజమే గాని, పగుళ్లు లేకపోతే బాగుందన్నది నిజం కాదు. మార్చేటప్పుడు టెన్షనర్, బెల్టును దారిలో నడిపే ఐడ్లర్ రోలర్లు కూడా మార్చండి. వాటర్ పంపు ఇదే బెల్టుతో తిరిగేదైతే దాన్నీ వదిలేయవద్దు, ఎందుకంటే దాని బేరింగు పట్టేసినా, కూలెంట్ కారినా ఇప్పుడు వేసిన కొత్త బెల్టే పాడవుతుంది. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల దగ్గర తడి కనిపిస్తే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: అన్నీ మాన్యువల్ ప్రకారమే చేశాను. రెండు చుట్లు తిప్పాక క్రాంక్ పిన్ను దూరింది, క్యామ్ పిన్ను మాత్రం వెంట్రుకవాసి తేడాతో దూరడం లేదు. ఒక పన్నంత తేడా కూడా లేదు. ఇలాగే స్టార్టు చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. మొదట క్రాంక్ పిన్ను సరైన రంధ్రంలోనే ఉందా అని చూడండి. కొన్ని ఫ్లైవీళ్లకు (క్రాంక్ షాఫ్టు చివర ఉండే బరువైన చక్రాలకు) ఇతర రంధ్రాలు కూడా ఉంటాయి, పిన్ను వాటిలోనూ దూరుతుంది. అది సరిగ్గా ఉంటే, టెన్షనర్ లేని వైపు బెల్టు వదులుగా ఎక్కి ఉండాలి, లేదా కోల రంధ్రాల క్యామ్ చక్రం బోల్టులను వదులు చేయకుండానే బెల్టు ఎక్కించి ఉండాలి. పన్నుకు తక్కువ తేడా చాలావరకు ఈ రెండో కారణం వల్లనే వస్తుంది. చక్రం కోల రంధ్రాల రకమే అయితే, క్రాంక్ పిన్ను అలాగే ఉంచి, చక్రం బోల్టులు వదులు చేసి, క్యామ్ హబ్బును మాన్యువల్ చెప్పిన సాధనంతో పిన్ను దూరేవరకు జరపండి. అప్పుడు బెల్టు బిగువు మళ్లీ సరిచూసి, చక్రం బోల్టులను బిగించి, పిన్నులు తీసి, మరో రెండు చుట్లు తిప్పి చూడండి. పిన్నులన్నీ చేత్తో నెడితే దూరేవరకు బ్యాటరీ తీగ తిరిగి తగిలించవద్దు.