చిక్కటి ఆయిల్ పోస్తే ట్రాక్ మీద ఆయిల్ లైట్ వెలగదా? వెలుగుతుంది, నా ఇంజిన్ పోయాక తెలిసింది

చెన్నై దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో పొడుగాటి కుడి మలుపుల్లో ఆయిల్ లైట్ తటాలున వెలిగి ఆరిపోయింది, ఈసారి చిక్కటి ఆయిల్ పోసుకుని వెళ్తే సరిపోతుందా అని మీరు అడిగారు. చాలదు. ఆయిల్ ఛాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పి లోపల ఏముందో చూడకుండా ఆ కారును మళ్ళీ ట్రాక్ ఎక్కించకండి.

మాది తిరుపతి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా ఎండ ముదరకముందే ట్రాక్ దగ్గరుంటాం. నాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మొదటి రెండుసార్లు మామూలు రోడ్డు టైర్లతోనే తిప్పాను, ఏమీ కాలేదు. మూడోసారికి డబ్బు కూడబెట్టి మెత్తటి రబ్బరు టైర్లు వేయించాను. నేను చేసిన అసలు తప్పు అక్కడుంది. పాత టైర్లు మలుపులో జారిపోయేవి, ఆ జారడమే అన్నాళ్ళూ ఇంజిన్‌ను కాపాడింది. కొత్తవి రోడ్డును వదల్లేదు. కారు ఎంత గట్టిగా తిరిగితే ఛాంబర్‌లో ఆయిల్ అంత గట్టిగా పక్కకు పోతుంది.

ఆరోజు స్ట్రెయిట్ దాటి కుడికి తిప్పిన ప్రతిసారీ లైట్ మెరిసింది. వైరు వదులైందనుకున్నాను. ఇంకో రెండు రౌండ్లు కొట్టాను. తర్వాత కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ, వదిలితే తక్కువ. పిట్‌లోకి వచ్చి ఆపేశాను. ఇంటికి ట్రక్కు మీద తెచ్చుకున్నాను. నగరి దగ్గర టీకి ఆగినప్పుడు పైనున్న కారు వైపు చూడలేకపోయాను.

ఇక్కడ మా మెకానిక్ మామ, లారీ ఇంజిన్లు విప్పి పెరిగిన మనిషి, ఛాంబర్ దించి బండ మీద పెట్టాడు. తీసిన ఆయిల్లోంచే రెండున్నర లీటర్లు కొలిచి మళ్ళీ అందులో పోశాడు. "మూడున్నర కదా మామా పోసింది?" అంటే, "ఇంజిన్ తిరిగేటప్పుడు ఒక లీటరు పైన హెడ్డులోనే తిరగతా ఉంటాది అబ్బోడా, కింద మిగిలేది ఇంతే" అన్నాడు. పంపు ఆయిల్ పీల్చుకునే స్ట్రెయినర్ పైపును దాని చోట కదలకుండా పట్టుకోమని నా చేతికిచ్చి, ఛాంబర్‌ను మెల్లగా ఎడమకు వంచుతూ పోయాడు. నలభై ఐదు డిగ్రీలకు వచ్చేసరికి ఆయిలంతా ఒక పక్కకు చేరి, కొంత అంచు దాటి బండ మీదికి ఒలికింది. నా చేతిలో స్ట్రెయినర్ మూతి గాల్లో ఉంది. "సూసినావా, పంపు తాగింది గాలి" అన్నాడు.

ఆ వంపు ఆయన ఊరికే ఎంచుకున్నది కాదు. కారు బరువంత బలం పక్కకు లాగితే, అంటే ఒక జీ వస్తే, ఆయిల్ పైభాగం సరిగ్గా 45 డిగ్రీలు వాలుతుంది. మంచి టైర్లతో హ్యాచ్‌బ్యాక్ కూడా దాదాపు అంత లాగుతుంది. బైకుకు ఈ బాధ తక్కువ, మలుపులో బైకే వాలిపోతుంది కాబట్టి ఆయిల్ దాని అడుగునే ఉంటుంది. కారు వాలదు, లోపల ఆయిల్ వాలుతుంది.

6000 ఆర్పీఎం దగ్గర క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, సెకనుకు వంద చుట్లు తిరుగుతుంది. మలుపులో రెండు సెకన్లు పంపు గాలి మింగితే రెండొందల చుట్లు. కనెక్టింగ్ రాడ్ బేరింగులకు, క్రాంక్‌కు మధ్య పల్చటి ఆయిల్ పొర తప్ప ఇంకేమీ అడ్డం లేదు. నా రెండో రాడ్ బేరింగ్ పై పూత మొత్తం లేచిపోయి రాగి కనపడింది. క్రాంక్ గ్రైండింగుకు పోయింది.

చిక్కటి ఆయిల్ సంగతి. మన ఊళ్ళో ఏ షెడ్డుకు పోయినా అన్నిటికీ అదే మందు. చప్పుడొస్తే చిక్కటి ఆయిల్, పొగొస్తే చిక్కటి ఆయిల్. వేడికి ఆయిల్ మరీ పల్చబడే కారుకు గ్రేడు మార్చడంలో అర్థముంది. కానీ స్ట్రెయినర్ గాల్లో ఉన్నప్పుడు అది పీల్చేది గాలే, చిక్కదైనా పల్చదైనా. పైగా చిక్కటిది హెడ్డులోంచి కిందికి నిదానంగా దిగుతుంది, కింద ఇంకా తక్కువ మిగులుతుంది.

"ఘాట్ రోడ్డులో ఎప్పుడూ లైట్ వెలగలేదే" అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఘాట్ మలుపులు చిన్నవి, వేగం తక్కువ, ఆయిల్ పక్కకు పోయేలోపే కారు నిటారవుతుంది. అది పరీక్ష కాదు, కాకూడదు కూడా. తిరుమల దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టింది ప్రాణాల కోసం. సర్రున దిగేసి, ఆ టైం ఇంకా కాలేదని కింద మలుపులో కారు ఆపుకుని కూర్చునే కుర్రాళ్ళను చూస్తే ఒళ్ళు మండిపోతుంది. పక్కన బస్సుల నిండా పిల్లాజెల్లా ఉంటారు. వేగం కావాలంటే డబ్బు కట్టి ట్రాక్‌కు రండి.

మామ చేసిన పని చెబుతాను. స్ట్రెయినర్ చుట్టూ రేకుతో నాలుగు గోడలు వెల్డ్ చేసి, వాటికి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టాడు. ఆయిల్ లోపలికి వస్తుంది, మలుపులో బయటికి పోబోతే తలుపు మూసుకుంటుంది. పైన కూడా కొంత రేకు మూశాడు, లేకపోతే గోడ దూకిపోతుంది. బిగించే ముందు క్రాంక్‌ను చేత్తో తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాం. ట్రాక్ రోజున డిప్‌స్టిక్ గరిష్ఠ గీత మీద అరలీటరు ఎక్కువ పోస్తాను. అంతకు మించితే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ కూడా గాలే.

ఇది సరిపోని రేసు కార్లకు అక్యుములేటర్ ఉంటుంది. ఒత్తిడి పడిపోగానే దాచిన ఆయిల్‌ను ఇంజిన్‌లోకి నెట్టే సిలిండర్ అది. ఆ పైది డ్రై సంప్, అందులో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. మన కార్లకు తలుపుల ఛాంబర్ చాలు, నేను ఖాయంగా చెబుతాను. నాకు దానికి 6 వేలు అయింది, ఇంజిన్‌కు 70 వేలు దాటింది.

కంపెనీ లైట్‌ను మాత్రం నమ్మకండి. ఒత్తిడి అర బార్ దగ్గరికో అంతకన్నా కిందికో పడ్డాకగానీ అది వెలగదు. వేగంగా తిరిగే ఇంజిన్‌కు నాలుగు బార్ల దాకా కావాలి. నేను ప్రెషర్ గేజ్ పెట్టించి, 20 పీఎస్ఐకే (దాదాపు 1.4 బార్) వెలిగే స్విచ్‌తో స్టీరింగ్ ఎదురుగా ఎర్ర లైట్ వేయించాను. తర్వాత రెండుసార్లు వెళ్ళాను, అదే కుడి మలుపులో ముల్లు మూడు బార్ల కిందికి దిగలేదు.

మీకు కుడి మలుపుల్లోనే వెలుగుతోందా, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కూడానా? బ్రేక్‌కు కూడా అయితే ఆయిల్ ముందుకూ పోతోందని అర్థం, ముందు పక్క గోడ మీద ఎక్కువ పని చేయించాలి. ఛాంబర్ దించాక స్ట్రెయినర్ ఏ పక్కనుందో కొలిచి ఇక్కడ రాయండి, మామను అడిగి చెబుతాను.