చేతిలో ఉన్న ఒక్క వ్యాసం పట్టుకుని మిగతావి వెతుకు

పాపా,

నీ మెసేజ్ చూశాను. 1876–78 కరువు మీద, అందులోనూ మన కడప, కర్నూలు వైపు జరిగినదాని మీద పనికొచ్చే వ్యాసం ఒక్కటే దొరికింది, గైడ్‌గారికి ఏం చూపించాలి అని టెన్షన్ పడుతున్నావు. వ్యాసాలు లేక కాదమ్మా, నువ్వు వెతికే పద్ధతితో దొరకడం లేదు. గూగుల్లో నాలుగు మాటలు కొట్టి, మొదటి పేజీ చూసి, నచ్చకపోతే మాటలు అటూ ఇటూ మార్చి మళ్లీ కొడుతున్నావు, అట్లా ఎంతసేపు కూర్చున్నా వచ్చినవే వస్తాయి. లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ రీసెర్చ్ పిల్లల్ని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ముందు ఆ సెర్చ్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న వ్యాసం తీసుకుని కూర్చో.

పెళ్లిలో కొత్త పిల్ల కనపడితే మన ముసలివాళ్లు ఎవరి బిడ్డవు, మీ అమ్మ పుట్టినిల్లు ఎక్కడ అని అడిగి అడిగి చుట్టరికం తేల్చేదాకా వదలరు కదా, వ్యాసాన్ని కూడా అట్లే అడగాలి. ఇది రాసినాయన ఎవరిని చదివి రాశాడు? దీన్ని చదివి తర్వాత ఎవరెవరు రాశారు? ఈ రెండు ప్రశ్నలతోనే నీకు సగం సామగ్రి వచ్చేస్తుంది.

నీ దగ్గరున్నది డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం, 1984లో సబాల్టర్న్ స్టడీస్ అనే చరిత్ర వ్యాసాల సంపుటాల్లో మూడోదాంట్లో వచ్చింది. దాన్ని ప్రింటు తీసుకో, ఫోన్లో వద్దు. ఈసారి పైన మ్యాటర్ వదిలేసి కింద ఫుట్‌నోట్లు మాత్రమే చదువు, పెన్సిల్ పట్టుకుని. ప్రభుత్వ రిపోర్టులకు ఒక గుర్తు, ఆ కాలంలోనే వచ్చిన పుస్తకాలకు ఒక గుర్తు, తర్వాతి చరిత్రకారుల వ్యాసాలకు ఇంకో గుర్తు పెట్టు. రచయిత ఎవరితోనైనా విభేదిస్తున్న ఫుట్‌నోటు కనపడితే దాని చుట్టూ గీత గీయి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి అవే, ఎందుకంటే వాదన ఎక్కడ నడుస్తోందో అక్కడ తెలుస్తుంది, నీ థీసిస్ నిలబడాల్సింది కూడా అక్కడే. మాటిమాటికీ కనపడే పేర్లు వేరే కాగితం మీద రాసుకో. ఈ కరువు మీద పనిచేసినవాళ్లు తరచుగా చూపించే పుస్తకం ఒకటుంది, విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలుగా వేసింది. 1880 నాటి ఫామిన్ కమిషన్, అంటే కరువు కమిషన్, రిపోర్టు ఇంకొకటి. ఆ రెండూ నువ్వు తప్పకుండా చూడాలి.

ఇక ముందుకు వెతకడం. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఆ వ్యాసం పేరు కొట్టు, కింద 'సైటెడ్ బై' అని ఒక అంకె ఉంటుంది. దాన్ని నొక్కితే ఈ వ్యాసాన్ని ఉదహరించిన తర్వాతి రచనలన్నీ వరసగా వస్తాయి. అంత పెద్ద జాబితా చూసి కంగారుపడొద్దు. పైన 'సెర్చ్ విథిన్ సైటింగ్ ఆర్టికల్స్' అని చిన్న గడి ఉంది, అందులో టిక్ పెట్టి బళ్లారి అనో కడప అనో కొడితే ఆ జాబితా లోపలే వెతుకుతుంది. చాలామంది పిల్లలు ఈ గడిని గమనించనే గమనించరు. పక్కనే 'రిలేటెడ్ ఆర్టికల్స్' ఉంటుంది, అది కూడా చూడు, కానీ దాన్నే నమ్ముకోవద్దు. 'ఆల్ వెర్షన్స్' నొక్కితే ఒక్కోసారి ఉచిత పీడీఎఫ్ దొరుకుతుంది. ఈ ముందుకు వెతికే పద్ధతి అసలు లాయర్లది, ఒక తీర్పును తర్వాతి కోర్టులు ఒప్పుకున్నాయా, కొట్టేశాయా అని తెలుసుకోవడానికి అమెరికాలో సూచికలు ఉండేవి. అది చూసే యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ వ్యాసాలకు కూడా అట్లాంటిదే కావాలని రాసి, 1964లో తెచ్చాడు.

మాటలతో వెతకక తప్పనప్పుడు మాత్రం ఆ కాలపు మాటలతో వెతుకు. పాత కాగితాల్లో కడప స్పెల్లింగు సి-యు-డి-డి-ఏ-పి-ఏ-హెచ్. 2005 దాకా అదే నడిచింది. కేతో మొదలయ్యే ఇప్పటి కడప కొడితే పాతవాటిలో సగం తప్పిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు జిల్లాలది. కరువు నాటికి అనంతపురం జిల్లానే లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు, కాబట్టి అనంతపురం కరువు సంగతి బళ్లారి పేరు కింద ఉంటుంది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉంది, మార్కాపురం కర్నూలు జిల్లాలో. సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని కూడా కొట్టు, మన సీమ జిల్లాలను అప్పుడు అట్లా అనేవాళ్లు. ఫామిన్ అని ఒక్కటే కాకుండా స్కేర్సిటీ, డిస్ట్రెస్ కూడా వేసి చూడు, దొరలు రిపోర్టుల్లో ఆ మాటలు కూడా వాడేవాళ్లు.

రిఫరెన్సు పుస్తకాలను మీ తరం చిన్నచూపు చూస్తోంది, అది నాకు బాధ. వాటిని థీసిస్‌లో కోట్ చేయకపోయినా ఫర్వాలేదు, దారి చూపించడానికి మాత్రం వాటికి మించినవి లేవు. అయితే ఏ సంవత్సరంలో అచ్చయిందో ముందు చూడాలి. మాన్యువల్, గెజిటీర్ అంటే జిల్లా సంగతులన్నీ ఒకచోట చేర్చిన సర్కారు పుస్తకాలు. గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ 1875ది, అందులో నీ కరువు ఉండదు, ఇంకా రాలేదు కదా! కర్నూలు మాన్యువల్ గోపాలకృష్ణమ శెట్టిది 1886, కరువు తర్వాతిది. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీర్ 1905, బ్రాకెన్‌బరీ కడప గెజిటీర్ 1915. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఒకే సంగతి గురించి ఎవరు ఏం రాశారో, ఎవరు ఏం వదిలేశారో కనపడుతుంది.

లైబ్రరీకి పోయినప్పుడు ఒకే అలమర దగ్గర ఆగిపోవద్దు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో ఆంధ్ర చరిత్ర 954.84 దగ్గర ఉంటుంది, కరువు, ఆహారం సంగతి 363.8 దగ్గర ఉంటుంది, నీటిపారుదల ఇంకోచోట. కావాల్సిన పుస్తకం దొరికాక అటు పది, ఇటు పది పుస్తకాలు తీసి చూడు, చివర్లో ఇచ్చిన పుస్తకాల పట్టిక కూడా చూడు. పత్రికలైతే సంవత్సరం చివరి సంచికలో ఏడాది సూచిక ఉందేమో చూడు.

తెలుగులో వచ్చినవి మర్చిపోవద్దు పాపా. 1924 నుంచి వచ్చిన భారతి లాంటి పత్రికల్లో ఏమున్నదీ గూగుల్ స్కాలర్‌కు పెద్దగా తెలియదు, సంచికలు తిరగేయాల్సిందే. మన కడపలోనే సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు కష్టపడి నిలబెట్టింది, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడికి పో, సిబ్బందిని అడుగు, మొహమాటపడొద్దు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో మన దేశపు విశ్వవిద్యాలయాల పాత థీసిస్‌లు ఉంటాయి. థీసిస్ ఎట్లా ఉన్నా, రెండో అధ్యాయంలోనో ముందుమాటలోనో ఇంతకుముందు వచ్చిన పనుల గురించి రాసి ఉంటారు, అది చదువు చాలు. డబ్బు కట్టమనే జర్నళ్లకు నీ చేతి నుంచి కట్టొద్దు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి, మీ లైబ్రరీలో లాగిన్ అడుగు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. చాట్‌బాట్‌ను అడిగితే వ్యాసం పేరు, రచయిత, పేజీ నంబర్లతో సహా ఇస్తుంది, వాటిలో కొన్ని అసలు లేనివి ఉంటాయి. కేటలాగ్‌లోనో జర్నల్ సైట్లోనో నీ కళ్లతో చూడనిదే ఒక్క పేరు కూడా నోట్సులోకి ఎక్కించొద్దు.

ఎక్కడ ఏ మాటతో వెతికావో, ఏ ఫుట్‌నోటు నుంచి ఏ వ్యాసానికి పోయావో తేదీ వేసి రాసుకుంటూ ఉండు. కొత్త వ్యాసం తెరిచినా కింద అన్నీ తెలిసిన పేర్లే వస్తున్నాయంటే ఆ వైపు ఇక ఆపి రాయడం మొదలుపెట్టొచ్చు. ముందు ఆర్నాల్డ్ ఫుట్‌నోట్ల పని ముగించు. గీత గీసిన వాటిని ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం కూర్చుని చూసి ఏది ముందు చదవాలో చెప్తా. అమ్మను అడిగానని చెప్పు.

మామ