ట్రంపెట్‌లో హై నోట్స్: పెదాలు వాచకుండా పైకి వెళ్ళడం ఎలా?

ప్రశ్న: మాస్టారూ, నేను పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. కింది స్వరాలు, మధ్య స్వరాలు బాగానే పలుకుతాయి గానీ పై జి స్వరం దాటేసరికి గొంతు బిగుసుకుపోయి, మెడ నరాలు ఉబ్బి, మౌత్‌పీస్‌ని పెదాలకేసి అదిమితే తప్ప నోటు రాదు. హై సి అయితే ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు జారిపోతుందో నాకే తెలీదు. ఊరేగింపు సగం కాకుండానే పెదాలు మొద్దుబారిపోతాయి. మా మేనమామ కూడా బ్యాండులోనే చేశాడు, ఆయన ఇంకా దమ్ము పెట్టి ఊదరా అంటాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ మావయ్య మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ ఒక్క విషయంలో ఆయన మాట పక్కన పెట్టండి. మీకు దమ్ము తక్కువై కాదు, ఎక్కువై ఈ ఇబ్బంది వస్తోంది.

ఎలాగో చూడండి. ట్రంపెట్‌లో నాదం పుట్టేది మీ పెదాల అదురులో, గొట్టం దాన్ని పట్టి నిలబెడుతుంది అంతే. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్ మీద మధ్య సి (అంటే హై సి కి సరిగ్గా ఒక స్థాయి కింద ఉండే సి) వాయిస్తే పెదాలు సెకనుకి దాదాపు 466 సార్లు అదురుతాయి, హై సి కి 932 సార్లు. అంత వేగంగా అదరాలంటే పెదాల మధ్య సందు బాగా చిన్నదవ్వాలి, ఆ సందులోంచి గాలి కొంచెమే పోవాలి కానీ ఒత్తిడితో పోవాలి. మీరేమో పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ గాలి తోస్తున్నారు, ఆ గాలి పెదాల్ని విడదీసేస్తుంది, విడిపోయినవాటిని మళ్ళీ దగ్గర చెయ్యడానికి చేత్తో మౌత్‌పీస్ అదుముతారు, అదిమేసరికి రక్తం ఆడక పెదవి మొద్దుబారి అదరడం మానేస్తుంది, అదరట్లేదు కదా అని ఇంకా గాలి తోస్తారు. ఇదంతా ఒక్క పల్లవిలోనే జరిగిపోతుంది.

ముందు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. కుడి చేతి చిటికెన వేలు ట్రంపెట్ మీదున్న కొక్కెంలో పెట్టి వాయిస్తున్నారా? తీసెయ్యండి, పైన ఊరికే ఆనించండి చాలు. మనకి తెలీకుండానే వాయిద్యాన్ని మొహం మీదకి లాగేది ఆ వేలే. అది తీసి వాయిస్తే మొదట పై నోట్లు రెండు మూడు పోతాయి, కంగారు పడొద్దు, అవి చేతి బలంతో వచ్చిన నోట్లు, పెదాల బలంతో వచ్చినవి కావు.

ఇక పెదాల సంగతి. "మ్" అన్నప్పుడు పెదాలు ఎలా కలుస్తాయో అలా కలపండి, నోటి మూలలు గట్టిగా ఉండాలి, మధ్య భాగం మెత్తగా ఉండాలి. చాలామంది పై నోటుకి నవ్వినట్టు మూలల్ని చెవుల వైపు లాగుతారు, దాంతో పెదవి పల్చబడిపోయి మౌత్‌పీస్ కింద ఇట్టే నలుగుతుంది. బుగ్గలు కూడా పొంగనివ్వొద్దు. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ ఫోటోలు చూసి బుగ్గలు బూరెల్లా చేసుకునే కుర్రాళ్ళు ఉన్నారు, ఆయన అలా వాయించగలిగాడు నిజమే, కానీ నేర్చుకునేవాళ్ళకి అది దారి కాదు.

నాలుక ఏం చెయ్యాలో తెలియాలంటే ట్రంపెట్ పక్కన పెట్టి ఈల వెయ్యండి. కింది స్వరం నుంచి పైకి మెల్లగా తీసుకెళ్ళండి. నాలుక మధ్యభాగం లేచి పైకి, ముందుకి వెళ్తుంది చూశారా? కింద "తా" అన్నట్టున్నది పైన "తీ" అన్నట్టు అవుతుంది. ట్రంపెట్ మీద కూడా అంతే, నాలుక ఆ పని చేస్తే గొంతు బిగించే అవసరం ఉండదు.

సాధనకి హెర్బర్ట్ క్లార్క్ అని అమెరికాలో పేరుమోసిన సూసా బ్యాండులో కార్నెట్ (ట్రంపెట్‌కి చెల్లెలి లాంటి వాయిద్యం) సోలోలు వాయించిన మహానుభావుడి పుస్తకం ఉంది, టెక్నికల్ స్టడీస్, 1912లో వచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాయిస్తారు. అందులో నాకు ప్రాణమైన విషయం ఏంటంటే పాఠాల్ని చాలా చిన్న సౌండుతో వాయించాలి. పుస్తకం లేకపోయినా పర్లేదు. మధ్య సి దగ్గర మొదలుపెట్టి ఒకే ఊపిరిలో అరస్వరం అరస్వరంగా పైకెళ్ళి కిందకి రండి, ఇంట్లో పసిపాప నిద్రపోతోంది అనుకుని వాయించండి. అది నున్నగా వచ్చాక అరస్వరం పైనుంచి మొదలుపెట్టండి. మెడ బిగిసిందా, ఆ రోజుకి అక్కడితో ఆపెయ్యాలి. ఎంతసేపు వాయించారో అంతసేపు పెదాలకి రెస్ట్ ఇవ్వాలి, ఇది బద్ధకం కాదు, సాధనలో భాగమే.

దానితో పాటు పిస్టన్లు నొక్కకుండా కింది సి, జి, మధ్య సి, మళ్ళీ జి, కింది సి ఇలా నాలుకతో కొట్టకుండా జారుతూ వాయించండి. పైకెళ్ళేకొద్దీ ఈ సహజ స్వరాలు ఒకదానికొకటి దగ్గరైపోతాయి, హై సి కి కిందా పైనా ఒక్కో స్వరం దూరంలోనే వేరే నోట్లు కాచుక్కూర్చుని ఉంటాయి, అదే వేళ్ళతో, అందుకే మీకు జారిపోతోంది. నోటు ఊదేముందు దాన్ని పాడండి, గొంతులో రాకపోతే మనసులోనైనా సరే. చెవికి తెలియని స్వరం పెదవికి అందదు.

ఇప్పుడు అసలు కష్టం, ఊరేగింపు. పక్కన డ్రమ్ములు, వెనక డీజే, జనరేటర్, మీ వాయిద్యం మీకే వినపడదు, వినపడక ఇంకా గట్టిగా ఊదేస్తారు, ఇంట్లో నేర్చుకున్నదంతా వీధి మలుపు తిరిగేలోపు పోతుంది. ఇది మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, బ్యాండ్ మాస్టర్‌తో మాట్లాడండి. పాటని ఒక స్వరం కిందకి దించి వాయిస్తే పెళ్ళివారిలో ఎవరికీ తేడా తెలీదు. పల్లవి మీరు తీసుకుంటే చరణం క్లారినెట్‌కో సాక్సోఫోన్‌కో ఇవ్వండి, రెండో ట్రంపెట్ ఉంటే వంతులేసుకోండి. ట్రంపెట్ వాళ్ళు మూడు గంటలు ఆపకుండా వాయించాలనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, మనుషుల పెదాలు అవి. అయిపోయాక కాసేపు కింది స్వరాలు మెత్తగా, పొడుగ్గా వాయించి, పెదాలు బుర్రుమనిపించి అప్పుడు పెట్టెలో పెట్టండి, మర్నాడు పై నోట్ల జోలికి పోవద్దు.

నొప్పి రోజుల తరబడి తగ్గకపోయినా, పెదవి ఒకవైపు పట్టు తప్పినట్టున్నా డాక్టర్‌కి చూపించాల్సిందే. జాజ్ ట్రంపెట్‌కి మారుపేరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు వరసబెట్టి హై సి లు కొట్టి కొట్టి పెదవి చీల్చుకుని 1930ల్లో కొంతకాలం వాయించడమే ఆపాల్సొచ్చింది, నోటి చుట్టూ ఉండే కండరం చిరగడాన్ని ఇప్పటికీ ఆయన ముద్దుపేరు సాచ్‌మో మీదే పిలుస్తారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. హై నోట్స్ అనగానే లోకమంతా తలుచుకునే కెనడా ఆయన మేనార్డ్ ఫెర్గుసన్ 1960ల చివర్లో మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో ఉండి పాఠాలు చెప్పాడు. ఊపిరి విషయంలో యోగా నుంచి చాలా నేర్చుకున్నానని చెప్పేవాడు. మీరు కూడా ఊపిరి పీల్చేటప్పుడు భుజాలు లేవకుండా, పొట్ట, పక్కటెముకలు తెరుచుకునేలా పీల్చండి, పీల్చి లోపల బిగపట్టకుండా వెంటనే ఊదెయ్యండి. ఆ బిగపట్టే క్షణంలోనే గొంతు మూసుకుపోతుంది.

సీజన్ మధ్యలో ఈ మార్పులన్నీ పెట్టుకుంటే కచేరీ పాడవుతుంది. ఆషాఢంలోనో, మూఢం వచ్చినప్పుడో ముహూర్తాలుండవు కదా, అప్పుడు గట్టిగా మొదలుపెట్టండి, ఈలోగా చిటికెన వేలు ఒక్కటి చూసుకోండి.

ప్రశ్న: పై నోట్లకి లోతు తక్కువున్న మౌత్‌పీస్ కొంటే సరిపోతుందా? నాది మీరట్‌లో తయారైన సెకండ్ హ్యాండ్ ట్రంపెట్.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కప్పు లోతు తగ్గితే సౌండు పదునుగా, మెరుపుగా వస్తుందమ్మా, అలసట కొంచెం తగ్గుతుంది, కానీ ఇప్పుడు పలకని స్వరం దాంతో కొత్తగా పలకదు. పైగా కింది స్వరాలు పల్చబడతాయి. 7సి లాంటి మామూలు సైజు ఉంటే ఇప్పటికి అది చాలు.

డబ్బులు పెట్టేముందు ట్రంపెట్‌ని చూడండి. పాత వాయిద్యాల్లో గాలి లీకవుతుంటే పై నోట్లకి రెట్టింపు కష్టపడాలి, తప్పు మనదే అనుకుంటాం. నీళ్ళు వదిలే మీట కింద చిన్న బెండు ముక్క ఉంటుంది, ఒక నోటు పట్టి వాయిస్తూ ఆ మీటని వేలితో గట్టిగా అదిమి చూడండి, సౌండు మెరుగైతే బెండు పోయినట్టే, కొత్తది చాలా చవక. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో గొట్టాలు కడగండి, మౌత్‌పీస్ దూరే మొదటి గొట్టంలో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. మరీ వేడి నీళ్ళు వద్దు, పూత పోతుంది. పిస్టన్లకి వాల్వ్ ఆయిలే వెయ్యండి, కొబ్బరి నూనె జిడ్డు కట్టి పట్టేస్తుంది.

ప్రశ్న: 58 ఏళ్ళు. చర్చి బ్యాండులో కార్నెట్ వాయిస్తాను. గ్లాకోమాకి చుక్కల మందు వాడుతున్నా. పై స్వరాల సాధన చెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: అన్నయ్యా, ముందు మీ కంటి డాక్టర్‌కి కార్నెట్ వాయిస్తానని చెప్పండి, చాలామంది ఈ మాట చెప్పరు. పై స్వరాలు గట్టిగా ఊదేటప్పుడు కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆపగానే తగ్గుతుంది, కానీ గ్లాకోమా ఉన్నవాళ్ళకి ఆ పెరుగుదల ఎంతవరకు పర్లేదో డాక్టరే తేల్చాలి. ఆయన సరే అనేదాకా పై భాగం కుర్రాళ్ళకిచ్చి మీరు రెండో కార్నెట్ పార్ట్ తీసుకోండి, కీర్తనకి కింద నుంచి నిండుదనం వచ్చేది ఆ పార్ట్‌తోనే.