నంబరు వేసిన పుస్తకం పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: హెచ్.జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. 1906 నాటి బొమ్మలతో ఆ నవలను ఒక ప్రచురణకర్త మళ్లీ వేస్తున్నారు. తోలు అట్ట, గట్టి పెట్టె, నంబర్లు వేసిన 750 ప్రతులు మాత్రమే. ముందస్తు బుకింగ్ మూడు వారాల్లో ముగుస్తుంది. ధర నా నెలన్నర జీతం. ఈమధ్యే రెండు నెలల జీతమంత బోనస్ వచ్చింది. 1906 నాటి అసలు ప్రతులు ఇప్పుడు పెద్ద ధర పలుకుతున్నాయి కాబట్టి ఇదీ పెరుగుతుందని నా నమ్మకం. రెండు కొని ఒకటి అమ్మేస్తే రెండోది ఉచితంగా మిగులుతుందని కూడా లెక్క వేశాను. రెండో దానికి కార్డు మీద వాయిదాలు ఇస్తున్నారు. కార్డు మీద ఇప్పటికే సగం నెల జీతమంత బాకీ ఉంది. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకు వస్తుంది. నెల జీతంలో 20 శాతం మిగులుతుంది. నా భార్య ఇది పిచ్చి అంటోంది. మీరేమంటారు?

జవాబు: ముందు ఇంట్లో తగువు తీరుద్దాం. ఇష్టపడి ఒక ఖరీదైన పుస్తకం కొనుక్కోవడంలో నాకు పిచ్చి కనిపించలేదు. దాన్ని పెట్టుబడి అని పిలిచి, ఆ పేరు చెప్పి కార్డు గీకాలనుకోవడం దగ్గర మాత్రం నేను మీ శ్రీమతి పక్షమే.

మీ నమ్మకమంతా 1906 ప్రతి మీద నిలబడి ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ బొమ్మలు వేసిన కొరేయా బ్రెజిల్‌లో పుట్టి బెల్జియంలో స్థిరపడిన చిత్రకారుడు. నవల 1898లోనే పుస్తకంగా వచ్చింది. దాని ఫ్రెంచి అనువాదానికి ఆయన బొమ్మలతో 1906లో బ్రస్సెల్స్‌లో వేసింది 500 ప్రతులు. నాలుగేళ్లకే, 1910లో, 34 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. ఆ తర్వాత ఐరోపా మీదుగా రెండు ప్రపంచ యుద్ధాలు నడిచాయి. ఆ 500లో ఎన్ని చిరిగాయో, ఎన్ని తడిశాయో, ఎన్ని అటకల మీద చెదలకు పోయాయో ఊహించుకోవచ్చు. ఇవాళ్టి ధర మిగిలిన వాటిది. పోయినవి పోబట్టే ఉన్నవాటికి ఆ విలువ.

మీరు కొనబోయే 750 ప్రతుల సంగతి వేరు. కొనే ప్రతివాడూ మీలాగే ఆలోచిస్తాడు. పెట్టెలోంచి తీయడు, ఎండ తగలనివ్వడు, పిల్లల చేతికి ఇవ్వడు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాదాపు 750 ప్రతులూ తళతళలాడుతూ ఉంటాయి. అందరూ దాచిపెట్టే వస్తువు అరుదు ఎలా అవుతుంది? పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత ఇలాంటి సంచికల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో మెలిక ఉంది. ఆ బొమ్మలు ఎవరి సొత్తూ కావు. వెల్స్ 1946లో చనిపోయారు. రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల వరకు కాపీరైట్ ఉండే దేశాల్లో ఆ నవల మీద హక్కులు 2016తో ముగిశాయి. కొరేయా అంతకు చాలా ముందే వెళ్లిపోయారు. అంటే వచ్చే ఏడాది మరో ప్రచురణకర్త ఇదే నవలను, ఇవే బొమ్మలతో, ఇంకా మంచి కాగితం మీద, సగం ధరకు వేస్తానంటే ఆపేవారు లేరు. మీరు చెల్లించే నెలన్నర జీతంలో నవలకూ బొమ్మలకూ పోయేది దాదాపు సున్నా. తోలుకు, పెట్టెకు, ముద్రణకు, ఆ నంబరుకు, ప్రచురణకర్త లాభానికి పోతుంది మొత్తం. అరుదైనది అన్న మాటకు రావలసిన అదనపు ధరను ఆయన ముందే వసూలు చేసుకుంటున్నారు. మీకు మిగిల్చింది తక్కువ.

పరిమిత సంచికల్లో లాభం ఇచ్చినవి లేవని అనను. 1953లో 'ఫారెన్‌హీట్ 451' మొదటిసారి అచ్చయినప్పుడు ఓ 200 ప్రతులకు ఆస్‌బెస్టాస్ అట్టలు వేసి, నంబర్లిచ్చి, రచయిత రే బ్రాడ్‌బరీ చేత సంతకం చేయించారు. పుస్తకాలు తగలబెట్టే కథకు అగ్గి అంటుకోని అట్ట! ఇప్పుడవి సేకర్తలు ఎగబడే ప్రతులు. అయితే ఆ రోజున వాటిని కొన్నవాళ్లకు ఆ నవల క్లాసిక్ అవుతుందని తెలియదు. పేరు రాకముందు కొన్నారు, అదృష్టం కలిసొచ్చింది. మీ నవలకు పేరు వచ్చి వందేళ్లు దాటింది. ఆ పేరుకు కట్టవలసిన ధరంతా కట్టాకే మీరు లోపలికి వస్తున్నారు.

ఇక లెక్క. పుస్తకం ధర 100 అనుకుందాం. అమ్మాలనుకున్న రోజున పాత పుస్తకాల వ్యాపారి దగ్గరికి వెళితే, ఆయన తన షాపులో పెట్టబోయే ధరలో సగమో, అంతకన్నా తక్కువో మీ చేతిలో పెడతాడు. ఆయన తప్పేమీ లేదు. అది అమ్ముడుపోయేదాకా ఏళ్ల తరబడి డబ్బు ఇరికించుకుని కూర్చోవాలి కదా. సగం ఇచ్చినా, మీ 100 మీకు తిరిగి రావాలంటే షాపు ధర 200 కావాలి. ఏడాదికి 7 శాతం పెరిగితే అందుకు పదేళ్లకు పైనే పడుతుంది. అంటే పదేళ్లు కాపలా కాసి, పైసా లాభం లేకుండా అసలు దక్కించుకుంటారు. అదే 100 ఏటా 7 శాతం వచ్చే మరో చోట ఉంటే అప్పటికి 200 మీ చేతిలోనే ఉంటుంది. వేలంలో అమ్మితే పరిస్థితి కాస్త మెరుగు. అక్కడా అమ్మేవాడి దగ్గర కమిషన్ తీసుకుంటారు, కొనేవాడి దగ్గర మరో వడ్డన వేస్తారు. కొనేవాడు ఆ వడ్డనను మనసులో తీసేసుకునే పాట పాడతాడు. ఇంతలో డివిడెండ్ లేదు, వడ్డీ లేదు, అద్దె లేదు. పుస్తకం ఏమీ సంపాదించి పెట్టదు.

ఆన్‌లైన్‌లో ఇలాంటి సంచికలకు కనిపించే ధరలు చూసి కూడా మీరు ఉత్సాహపడి ఉంటారు. అవి అడుగుతున్న ధరలు. అమ్ముడైన ధరలు చూడండి. వేలం సంస్థలు పాత ఫలితాలను ప్రకటిస్తాయి. నేనూ ఒకప్పుడు ఈ తేడా పట్టించుకోక ఒక పెట్టె సంచిక కొన్నాను. ఎనిమిదేళ్ల తర్వాత అమ్మబోతే వ్యాపారి పుస్తకం తెరవనైనా తెరవలేదు. వెన్ను మీద వేలు పెట్టి, రంగు వెలిసింది అన్నాడు. కిటికీ పక్క అరలో పెట్టిన పాపానికి కొన్న ధరలో మూడో వంతు వచ్చింది. ఇప్పటికీ ఆ అర చూస్తే కడుపు మండుతుంది.

కాబట్టి ఈ కొనుగోలును వినోదం ఖర్చు కింద రాసుకోండి, విహారయాత్రను రాసుకున్నట్టే. అలా రాసుకుంటే కొనగలరా అన్నది అసలు ప్రశ్న. నా సమాధానం: ఈ మూడు వారాల్లో కొనలేరు.

బోనస్‌లో సగం నెల జీతంతో ముందు కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం దాటడం మామూలే. ఆ వడ్డీ కడుతూ 7 శాతం పెరుగుతుందో లేదో తెలియని వస్తువును అలమరలో పెట్టుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు. తర్వాత ఒక నెల జీతం అత్యవసర నిధిలో కలపండి. మీ ఖర్చు జీతంలో 80 శాతం కాబట్టి ఆ నిధి రెండు నెలల నుంచి మూడు నెలలు దాటుతుంది. ఇంకా పెరగాలి గానీ ఇప్పటికి ఊపిరి ఆడుతుంది. మిగిలిన సగం నెల జీతం పుస్తకానికి పక్కన పెట్టండి. అది ధరలో మూడో వంతు. నెలనెలా మిగిలే 20 శాతంలో 5 శాతం దీనికి మళ్లిస్తే తక్కినది 20 నెలల్లో పోగవుతుంది. మిగతా 15 శాతం మీ మామూలు పొదుపుల్లోకి పోవాలి. దాన్ని ముట్టుకోవద్దు.

అప్పటికి బుకింగ్ ముగిసిపోతుంది కదా అంటారు. ముగియనివ్వండి. లాభం కోసం కొన్నవాళ్లలో కొందరు ఏడాది తిరిగేలోపే విసిగి అమ్మకానికి పెడతారు. కొన్నిసార్లు కొన్న ధరకన్నా తక్కువకే. ఒకవేళ ధర నిజంగానే రెట్టింపైతే మీకు ఆ పుస్తకం దొరకదు, అంతే. ఆ బొమ్మలు మాత్రం మామూలు సంచికల్లోనూ దొరుకుతాయి. ఈలోగా అలాంటిదొకటి కొని హాయిగా చదువుకోండి. నెలన్నర జీతం పోసిన పుస్తకాన్ని మీరు పడుకుని చదవగలరా చెప్పండి.

20 నెలల తర్వాత కూడా ఆశ చావకపోతే నిశ్చింతగా కొనండి. కొన్నాక రసీదు, ప్రచురణకర్త పంపిన అట్టపెట్టె పారేయకండి. నంబరున్న పేజీని ఫొటో తీసుకోండి. పేరు రాయొద్దు. ఎండ, చెమ్మ రెండూ తగలని చోట పెట్టండి. చెమ్మకు పేజీల మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. వ్యాపారులు దాన్ని ఫాక్సింగ్ అంటారు. ఇంటి బీమా ఉంటే ఇలాంటి వస్తువును విడిగా నమోదు చేయాలేమో అడగండి. చాలా పాలసీల్లో ఒక్కో వస్తువుకు పరిమితి ఉంటుంది.

రెండో కాపీ మాట ఒక్కటి మిగిలింది. ఒకటి అమ్మి రెండిటి ఖర్చూ రాబట్టాలంటే కమిషన్లు పోను ధర రెట్టింపు రావాలి, అదీ వాయిదాల గడువు ముగిసేలోపు. పైగా, మీలాగే లెక్క వేసి రెండేసి కొన్నవాళ్లంతా అదే నెలల్లో అమ్మకానికి దిగుతారు. ఆ వాయిదాల ఫారం నింపకండి. ఇప్పటికే నింపి ఉంటే రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూడండి.