సాయంత్రం థెరపీకి వెళ్లొస్తే రాత్రి నిద్ర పట్టడం లేదు.. మానేయమంటారా?

ప్రశ్న: నా వయసు 36. ఖమ్మంలో ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఏడాదిగా ఏం జరిగినా చెడే ఊహించుకుంటున్నాను. ప్రిన్సిపల్ పిలిస్తే ఉద్యోగం పోయినట్టే అనిపిస్తుంది. బాబుకి జ్వరం వస్తే ఇంకేదో పెద్ద జబ్బని భయం. స్కూలు అయ్యాక వీలవుతుందని వారానికోసారి సాయంత్రం ఏడింటికి సైకాలజిస్ట్ దగ్గర థెరపీకి వెళ్తున్నాను. నాలుగు సెషన్లు అయ్యాయి. వెళ్లొచ్చిన రాత్రి మనసంతా కెలికినట్టుండి నిద్ర పట్టడం లేదు. ‘డబ్బులిచ్చి ఏడుపు తెచ్చుకోవడం ఎందుకు? పాజిటివ్‌గా ఆలోచిస్తే పోలా?’ అంటున్నారు మా వారు. మానేయాలా?

సమాధానం: ఇప్పుడే మానేయకండి. మొదటి కొన్ని సెషన్లలో మనసు కలత పడటం మామూలే. ఎన్నాళ్లుగానో తోసిపుచ్చుతున్న భయాలను బయటికి తీసి చూస్తున్నారు కదా! సరిగ్గా ఈ దశలోనే చాలామంది ఆపేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీ వారు మీ మంచి కోరే అంటున్నారు. కానీ ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అంటే భయం పోదు. ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1960ల్లో డిప్రెషన్ రోగులతో మాట్లాడుతూ ఒక సంగతి గమనించారు. ఏదైనా జరగగానే వాళ్ల మనసులో ఒక చెడు మాట దానంతటదే మెదులుతుంది. దాన్ని వాళ్లు పరీక్షించరు, నిజమని నమ్మేస్తారు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ) అలా మొదలైంది. ఇందులో చెడు ఆలోచనను తరిమేయరు, ‘నీకు ఆధారమేంటి?’ అని నిలదీస్తారు.

మీ ప్రిన్సిపల్ విషయమే తీసుకుందాం. నోట్‌బుక్‌లో ముందు జరిగింది రాయండి: ‘మూడో పీరియడ్‌లో పిలిచారు’. పక్కనే మనసులో వచ్చిన మాట: ‘తీసేస్తారు’. ఆ తర్వాత, ఈ ఏడాది ఎన్నిసార్లు పిలిచారో, ఎందుకు పిలిచారో రాయండి. పరీక్ష పేపర్ల గురించో, ఎవరో పేరెంట్ వచ్చారనో అయ్యుంటుంది. చివరికి అక్కడ నిజంగా ఏం జరిగిందో రాయండి. మనసులో అనుకుంటే చాలదు, పెన్నుతో కాగితం మీద పెట్టాలి. సీబీటీ సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు ఉంటుంది. వారానికి ఒక్క గంట థెరపిస్ట్‌తో గడిపితే, మిగతా రోజుల్లో మీరు చేసే ఈ హోంవర్కే అసలు మందు.

ఇక సాయంత్రం సంగతి. ఆ రోజు జరిగింది తాజాగా గుర్తుంటుంది కాబట్టి మాట్లాడటానికి అది మంచి సమయమే. ఇబ్బందల్లా ఇంటికి రాగానే వంట, బాబు హోంవర్కు, వెంటనే పడక. కలత పడిన మనసు సర్దుకోవడానికి సందే లేదు. వీలైతే సెషన్‌ను ఐదున్నరకో ఆరింటికో మార్చమని అడగండి. బయటికి రాగానే బండి ఎక్కకుండా పావుగంట నడవండి. ఆ రోజు వంట పని మీ వారికి అప్పగించండి, పొద్దున్న పప్పు మిగిలితే అదే చాలు. సాయంత్రం నుంచి టీ, కాఫీ వద్దు. పక్క ఎక్కాక సెషన్‌లో మాట్లాడింది మళ్లీ తవ్వుకోకండి. ఏదైనా ఆలోచన వదలకపోతే ఒక్క లైను రాసి, ‘రేపు సాయంత్రం చూస్తాను’ అని పక్కన పెట్టండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి హాల్లో కూర్చోండి, ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు.

థెరపీతో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. వీటిలో లోపాలున్నా నీరసం, దిగులు వస్తాయి. తెల్లవారుజామున మూడు, నాలుగింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతున్నా, ఆకలి తగ్గినా, రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా సైకియాట్రిస్ట్‌ను కలవండి. మందులు అవసరమైతే వాడాలి, అందులో తప్పేమీ లేదు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటితో పాటు థెరపీ కూడా కొనసాగించవచ్చు.

‘బతికి ఏం లాభం’ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచుకోకండి. మీ వారికి చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. 24 గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

వచ్చే వారం థెరపీకి వెళ్లగానే మొదట చెప్పాల్సింది, ‘నాలుగు వారాలుగా మీ దగ్గరికి వచ్చిన రోజు నాకు నిద్ర ఉండటం లేదు’ అన్న మాటే. మొహమాటపడకండి. బరువైన విషయాలు ముందే మాట్లాడి, చివరి పది నిమిషాలు మనసు కుదుటపడేందుకు ఉంచమని అడగండి. మీకు ఇష్టమైతే ఒక సెషన్‌కు మీ వారిని కూడా తీసుకెళ్లండి. మీరు అక్కడ ఏం చేస్తున్నారో ఆయన కళ్లారా చూస్తారు.