‘ఆల్రెడీ’ని ప్రశ్నలో వాడితే అర్థం మారుతుందా?

ఫైల్ చూశారో లేదో కనుక్కోవడానికి ‘హ్యావ్ యూ చెక్డ్ ఇట్ ఆల్రెడీ?’ అనొచ్చా, లేక ‘యెట్’ అనాలా అని అడిగారు. వ్యాకరణం ప్రకారం రెండూ సరైనవే. వినేవాళ్లకు మాత్రం ఒకేలా వినిపించవు.

‘ఆల్రెడీ’ని మనం ఎప్పుడో తెలుగులో కలిపేసుకున్నాం. ‘ఆల్రెడీ చెప్పాను కదా’ అంటే ఇదివరకే చెప్పానని. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడూ ఆ ఒక్క అర్థమే మన మనసులో ఉంటుంది. కానీ ఇంగ్లిష్ ప్రశ్నలో, అదీ వాక్యం చివర వస్తే, అది చాలాసార్లు మన ‘అప్పుడే’ అవుతుంది. ‘హ్యావ్ యూ ఫినిష్డ్ ఆల్రెడీ?’ అంటే ‘అప్పుడే అయిపోయిందా!’ అని ఆశ్చర్యపోవడం. ‘యెట్’ పెడితే అయిందా లేదా అనే మామూలు ప్రశ్న.

నేను రోజూ విదేశీ టీమ్‌తో కాల్స్‌లో ఉంటాను. మా టీమ్ కుర్రాడు ఒకసారి పొద్దున డాక్యుమెంట్ పంపి, కాసేపటికే అవతలి మేనేజర్‌ని ‘హ్యావ్ యూ రివ్యూడ్ ఇట్ ఆల్రెడీ?’ అని అడిగాడు. ఆవిడ నవ్వేసి, తనకంత స్పీడు లేదంది. వీడికేమో ఆవిడ ఎందుకు నవ్విందో అర్థం కాలేదు, కాల్ అయ్యాక నన్నడిగాడు.

అలాగని పైవాళ్లను పదేపదే ‘యెట్’ అని అడిగితే తొందరపెట్టినట్టుంటుంది. అలాంటప్పుడు నేను ‘హ్యావ్ యూ హ్యాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ ఇట్?’ అంటాను. వీలు చూసుకుని చూశారా అన్నట్టు మర్యాదగా ఉంటుంది.

పని కాలేదని చెప్పడానికి ‘ఆల్రెడీ’ పనికిరాదు. ‘ఇంకా పంపలేదు’ అనాలంటే ‘ఐ హ్యావంట్ సెంట్ ఇట్ యెట్’. ఇదే ‘ఐ స్టిల్ హ్యావంట్ సెంట్ ఇట్’ అంటే ఈపాటికి పంపాల్సింది, ఆలస్యమైందనే ధ్వని వస్తుంది. మన ‘ఇంకా’ రెండిటికీ సరిపోతుంది కాబట్టి ఇక్కడ తడబాటు సహజం. మామూలు వాక్యంలో ‘ఆల్రెడీ’ చోటు ‘హ్యావ్’ తర్వాత: ‘ఐ హ్యావ్ ఆల్రెడీ సెంట్ ఇట్’. అమెరికన్లు ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’ అని కూడా అంటారు, అదేం తప్పు కాదు. రాసేటప్పుడు ఒకే ‘ఎల్’తో ఒకే మాటగా రాయండి, రెండు మాటలుగా విడగొడితే ‘అందరూ సిద్ధం’ అనో ‘అంతా సిద్ధం’ అనో అయిపోతుంది.

అమెరికా వాడుకలో ‘ఇనఫ్ ఆల్రెడీ!’ అని ఇంకోటి వింటారు. అంటే ‘ఇక చాలు, ఆపు’ అని విసుక్కోవడం. స్నేహితుల దగ్గర ఫరవాలేదు గానీ ఆఫీసు మెయిల్‌లో రాయకండి.