మూడు గంటలు అరిచిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దయ్యం పట్టిందనుకుని ఆ అబ్బాయి తలమీద చెయ్యి పెట్టి మూడు గంటలపాటు "బంధిస్తున్నాను, గద్దిస్తున్నాను, ఆజ్ఞాపిస్తున్నాను" అని అరిచి అరిచి గొంతు పోయిందనీ, వాడిలో ఏ మార్పూ లేదనీ, ఇప్పుడు నీకున్న అధికారం మీదే నీకు అనుమానం వచ్చిందనీ రాశావు. "అక్కా, నాలో ఏదైనా పాపం అడ్డుగా ఉందా, లేక అభిషేకం తగ్గిందా" అని అడిగావు. నీ గురించి నాలుగు పేజీలు రాసినవాడివి ఆ అబ్బాయి గురించి నాలుగు లైన్లు రాశావు. నిద్రపోవడం లేదు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందంటాడు, తిండి మానేశాడు, అంతే. ఎప్పటినుంచి అలా ఉన్నాడో, డాక్టర్‌కి చూపించారో లేదో ఒక్క ముక్క లేదు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను, కోపం తెచ్చుకోకు.

మార్కు సువార్త 9వ అధ్యాయం తెరువు. దానికంటే ముందు 6:7 చూడు. యేసు పన్నెండుమందినీ పిలిచి అపవిత్రాత్మల మీద అధికారం ఇచ్చాడు, వాళ్లు వెళ్లి చాలా దయ్యాలను వెళ్లగొట్టారు కూడా. మూడు అధ్యాయాలు తిరిగేసరికి, కొండమీదికి వెళ్లిన పేతురు, యాకోబు, యోహాను తప్ప కింద ఉన్న శిష్యులందరూ ఒక కుర్రవాడి ముందు చేతులెత్తేశారు. ఇచ్చిన అధికారాన్ని మధ్యలో వెనక్కి తీసుకున్నాడని ఎక్కడా రాసిలేదు. ఇంట్లోకి వెళ్లాక వాళ్లు ఏకాంతంగా అడిగింది అచ్చం నీ ప్రశ్నే, మేమెందుకు వెళ్లగొట్టలేకపోయాం అని. ఈ రకమైనది ప్రార్థన వల్లనే తప్ప పోదన్నాడాయన. అయితే ఆ గుంపు మధ్య యేసు నిలబడి ప్రార్థన చేసినట్టు మార్కు రాయలేదు చూశావా, అక్కడ ఒక్క ఆజ్ఞే ఉంది. ఆయన ప్రార్థన అంతకుముందే జరిగిపోయింది, చీకటితోనే లేచి అరణ్యానికి వెళ్లే అలవాటులో జరిగింది. శిష్యులేమో మొన్న పనిచేసింది కాబట్టి ఇవాళా పనిచేస్తుందనుకున్నారు. అధికారం ఒకసారి జేబులో వేసుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాడుకునే వస్తువని వాళ్లూ అనుకున్నారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

అదే అధ్యాయంలో చాలామంది దాటిపోయే వచనం ఒకటుంది, 21వది. కుర్రవాడు నేలమీద పడి నురుగు కక్కుతూ పొర్లుతుంటే, యేసు వాళ్ల నాన్న వైపు తిరిగి "ఇది వీడికి ఎంతకాలం నుంచి ఉంది" అని అడిగాడు. అన్నీ తెలిసినవాడు అడిగాడు! చిన్నప్పటినుంచీ అని, నిప్పుల్లో పడ్డాడు, నీళ్లలో పడ్డాడు అని ఆ నాన్న చెప్పుకున్నాడు, ఆయన విన్నాడు. నువ్వు మూడు గంటల్లో ఎన్ని ప్రశ్నలు అడిగావు? ఇంకోటి, ఆ నాన్న "నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సాయం చెయ్యి" అన్నప్పుడు, నీ విశ్వాసం చాలదు వెళ్లి పెంచుకుని రా అని యేసు అనలేదు. జనం పరుగెత్తుకొస్తున్నారని చూసి, గుంపు ఇంకా పెరగకముందే ఆ ఆత్మను గద్దించి, చచ్చినట్టు పడి ఉన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని లేపాడు. మనమైతే జనం పోగయ్యేదాకా ఆగుతాం, వీలైతే మైకు కూడా అడుగుతాం.

నా సంగతి చెబుతాను. నాకు నీ వయసున్నప్పుడు నా ప్రార్థనకి మంచి పేరుండేది, అదే నా కొంప ముంచింది. మూర్ఛ మందులు వాడుతున్న ఒక చెల్లి ప్రార్థనకోసం వచ్చింది. ప్రార్థన అయ్యాక మొహం వెలిగిపోతూ "స్వస్థత వచ్చిందంటారా అక్కా" అంది. వచ్చింది, విశ్వసిస్తే ఇంక మాత్రలెందుకు అన్నాను, ఈ నోటితోనే. నాలుగో రోజు స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడి దవడ విరిగింది. చూడ్డానికి వెళ్తే వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ మాట మీకు దేవుడు చెప్పాడా, మీరే అన్నారా" అని అడిగింది. జవాబు చెప్పలేక తిరిగొచ్చేశాను. ఇప్పటికీ ఎవరి తలమీదైనా చెయ్యి పెట్టే ముందు ఆ ప్రశ్న నాకు వినిపిస్తుంది, వినిపించడమే మంచిది.

ఆ తర్వాత చాలాకాలం అధికారం అన్న మాటే ఎత్తలేదు. అదీ తప్పే. లూకా 10:19లో "శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను" అని ప్రభువే అన్నాడు కదా, దాన్ని పక్కన పెట్టడానికి నేనెవర్ని? కానీ మాటలు జాగ్రత్తగా చూడు, శత్రువుకి ఉన్నది బలం, మనకి ఇచ్చింది అధికారం. బలానికి బలంతో ఎదురెళ్లమని చెప్పలేదు. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి ఎత్తితే లారీ ఆగుతుంది అనే ఉదాహరణ నువ్వు వంద ప్రసంగాల్లో వినే ఉంటావు. మంచి ఉదాహరణే, సగమే చెబుతారు. ఆ కానిస్టేబుల్ ఎక్కడ నిలబడాలో పైవాళ్లు చెబుతారు, డ్యూటీలో ఉన్నంతసేపే ఆ చేతికి విలువ, ఆగిన లారీని ఇంటికి తోలుకుపోతానంటే కుదరదు. మిగతా సగం ఇది. మత్తయి 8లో శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, ఈ రెండో సగాన్నే పట్టుకున్నాడు. నా కింద సైనికులున్నారు అనడానికి ముందు, నేను కూడా అధికారానికి లోబడినవాణ్ణి అన్నాడు, ఇశ్రాయేలులో ఎవరిలోనూ ఇంత విశ్వాసం చూడలేదని యేసు ఆశ్చర్యపోయింది ఆ మాటలు విన్నాకే. యాకోబు 4:7 కూడా మనవాళ్లు సగంనుంచే మొదలుపెడతారు, "అపవాదిని ఎదిరించుడి" అని. దాని ముందు "దేవునికి లోబడియుండుడి" అని ఉంది.

ఆయన నామం మంత్రంలా పనిచెయ్యదని అపొస్తలుల కార్యములు 19లో, ఎఫెసులో దయ్యాలు వెళ్లగొట్టబోయిన స్కెవ అనే యూదుడి కొడుకులు ఏడుగురికీ తెలిసొచ్చింది. పౌలు ప్రకటించే యేసు తోడు అంటూ అరువు పేరు వాడితే, యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరని ఆ దయ్యమే అడిగింది, గాయాలతో బట్టల్లేకుండా పారిపోయారు. అది విని ఆ ఊళ్లో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి తగలబెట్టారు, వాటి ఖరీదు 50,000 వెండి నాణాలని లూకా లెక్క రాశాడు. మనం దయ్యం వేసిన ప్రశ్న దగ్గర ఆగి భయపడతాం గానీ, యేసు నామాన్ని మంత్రంలా వాడే బుద్ధిని మాత్రం ఆ మంటలో వెయ్యం.

ఇంక నీ చేతిలో ఉన్న పని. ఆ అబ్బాయికున్నది దయ్యమో జబ్బో నువ్వు తేల్చేయకు. మత్తయి 4:24లో దయ్యం పట్టినవాళ్లనీ, చాంద్రరోగులనీ (అంటే మూర్ఛ వచ్చేవాళ్లనీ), పక్షవాయువు ఉన్నవాళ్లనీ వేరువేరుగానే చెప్పాడు. అదే మత్తయి 17లో చాంద్రరోగి అన్న అబ్బాయిలోంచి దయ్యం వెళ్లింది కదక్కా అంటావు, నాకు తెలుసు. వెళ్లింది, గుర్తుపట్టింది మాత్రం యేసు, నువ్వూ నేనూ కాదు. నిద్ర లేకపోవడం, గొంతులు వినిపించడం, తిండి మానేయడం మానసిక వైద్యుడు చూడాల్సిన లక్షణాలు, ఆలస్యం చెయ్యకూడదు. చచ్చిపోతానని గానీ ఎవరినైనా ఏదైనా చేస్తానని గానీ వాడంటే ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమను. మందులు మొదలైతే ప్రార్థన ఓడిపోయినట్టు ఏమీ కాదు. పౌలు తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చాడు, తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తియ్యమని మూడుసార్లు వేడుకుంటే నా కృప నీకు చాలు అన్న జవాబే వచ్చింది. ఆ పౌలుకి అధికారం తక్కువైందని నువ్వంటావా?

కట్టెయ్యడం, కొట్టడం, ఉపవాసం అని పస్తుపెట్టడం, ఎవరు చెప్పినా సరే, చూస్తే ఆపు. ప్రార్థన చెయ్యమంటావా అని ఇంట్లోవాళ్లని కాదు, ముందు వాణ్ణే అడుగు, వద్దంటే పక్కన కూర్చో చాలు. ఒక్కడివే వెళ్లకు, ఇంకో పెద్దవాణ్ణి తీసుకెళ్లు. దయ్యంతో ఇంటర్వ్యూలు పెట్టకు, నీ పేరేమిటి ఎవరు పంపారు అని గంటలు గంటలు అడిగి, అది ఎవరో చుట్టాల పేరు చెబితే ఆ కుటుంబాల మధ్య జరిగే రచ్చ నేను చూశాను. ఫోన్లో వీడియో తియ్యనివ్వకు. సాక్ష్యం చెప్పాలో వద్దో బాగుపడ్డవాడి ఇష్టం. ఇక గొంతు సంగతి, ప్రధాన దూత మిఖాయేలే సాతానుతో "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడని యూదా పత్రిక చెబుతోంది. అంత పెద్ద దూతకే అది చాలింది.

నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. ఈ అధికారం మనుషుల మీద వాడేది కాదు. మీ గుంపులో ఒక పిల్ల నిన్ను ప్రశ్నిస్తే "అభిషిక్తుణ్ణి ముట్టొద్దు" అన్నావని నా చెవిన పడింది. 105వ కీర్తనలో ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చెయ్యొద్దని దేవుడు రాజులతో అన్నది, ప్రశ్నలు అడగొద్దని కాదు. దావీదు సౌలు మీద చెయ్యి వెయ్యలేదు గానీ చేస్తున్నది తప్పని మొహం మీదే చెప్పాడు. అంతియొకయలో పౌలు పేతురునే ముఖాముఖిగా ఎదిరించాడు. ప్రభువు నాకు అధికారం ఇచ్చింది మిమ్మల్ని కట్టడానికి, పడగొట్టడానికి కాదని కొరింథువాళ్లకి రాసింది కూడా ఆ పౌలే. ఆ పిల్లకి సారీ చెప్పు.

ఈ అధికారం ఎక్కువగా వాడాల్సిన చోటు నీ లోపలే ఉంది. నీ ఉత్తరం నిండా ఉన్న "నాలో ఏదో తప్పుంది, దేవుడు నన్ను పక్కన పెట్టేశాడు" అన్న మాటలు, అవెవరివో గుర్తుపట్టు. పాపం ఉంటే ఒప్పుకో, ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9 ఉంది. లేకుండా ఊరికే నిందిస్తుంటే, రాత్రి పడుకునే ముందు క్రీస్తులో ఉన్నవాళ్లకి ఏ శిక్షావిధీ లేదనే రోమా 8:1 పైకి చదివి, నేను క్రీస్తులో ఉన్నాను, ఈ నింద నాకు చెల్లదు, యేసు నామంలో పో అని మామూలు గొంతుతో చెప్పి దీపం ఆర్పి పడుకో. మళ్లీ వస్తే మళ్లీ చెప్పు. నాకైతే కొన్ని రాత్రులు పది పన్నెండుసార్లు చెప్పాల్సొచ్చింది. యేసు పంపిన డెబ్బదిమంది శిష్యులు, దయ్యాలు లోబడుతున్నాయని గంతులేస్తూ వస్తే, దానికి కాదు మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు. ఆ అబ్బాయి బాగుపడినా పడకపోయినా నీ పేరు అక్కడినుంచి చెరిగిపోదు.

ఈ ఉత్తరం చేరగానే వాళ్ల నాన్నకి ఫోన్ చెయ్యి. ఎప్పటినుంచి ఇలా ఉన్నాడని అడుగు, ఆయన చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విను, మూడు గంటలు అరిచినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. ఆస్పత్రికి తోడు రమ్మంటే వెళ్లు. బయట బెంచీమీద కూర్చుని నీ ప్రార్థన నువ్వు చేసుకో, లోపలికి పిలిస్తేనే వెళ్లు. డాక్టర్ ఏమన్నాడో నాకు రాయి. ఈసారి నాలుగు పేజీలూ వాడి గురించే ఉండాలి.

మీ అక్క